దక్షిణాఫ్రికా తీరంలోని గాన్స్‌బాయ్‌లో గ్రేట్ వైట్ షార్క్‌లే లేవట, ఏజెంట్ మాత్రం గ్యారంటీ అంటున్నాడు. పోవాలా వద్దా?

మియాపూర్_మహేశ్
ఆగస్టులో నేను, మా బావ, ఇద్దరు ఆఫీసు ఫ్రెండ్స్ కేప్‌టౌన్ పోతున్నాం. బావకు చిన్నప్పటి నుంచి ఒకటే పిచ్చి, బోనులో దిగి గ్రేట్ వైట్ షార్క్‌ని ఎదురెదురుగా చూడాలి. అమీర్‌పేటలో ఒక ఏజెంట్ దగ్గర ప్యాకేజీ మాట్లాడి, మనిషికి నలభై వేలు అడ్వాన్స్ కట్టేశాం. బ్రోచర్ మీద షార్క్ నీళ్లలోంచి ఎగురుతున్న ఫోటో, కింద 'వంద శాతం గ్యారంటీ' అని ఎర్ర అక్షరాలు.

నిన్న రాత్రి ఊరికే వెతుకుతుంటే గాన్స్‌బాయ్‌లో గ్రేట్ వైట్‌లు కనిపించడం దాదాపు ఆగిపోయిందని చదివాను. ఏజెంట్‌కి ఫోన్ చేస్తే 'సార్, సముద్రం అన్నాక షార్క్ ఉండదా' అంటున్నాడు. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వడట. ఎవరైనా వెళ్లొచ్చినవాళ్లు ఉన్నారా? ఇంకో సంగతి, నాకు ఈత రాదు. ఇది ఇంట్లో ఇంకా చెప్పలేదు.

నిమ్మకాయ_సోడా
ఈత రాదని ఇంట్లో తెలియదా, షార్క్ సంగతి తెలియదా?

మియాపూర్_మహేశ్
రెండోది. మా ఆవిడకు టేబుల్ మౌంటెన్, పెంగ్విన్లు అని చెప్పాను.

రెండు_సూట్‌కేసులు
నేను 2013 జులైలో వెళ్లాను. మూడు గంటల్లో ఏడు వేర్వేరు షార్క్‌లు చూశాం. ఏడు అని నేను లెక్కపెట్టలేదు, పడవ మీద ఒకమ్మాయి రెక్క మీది గాట్లు చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటోంది, ఆమె చెప్పింది.

ఈత గురించి టెన్షన్ పడకు. బోనును పడవ పక్కకు గట్టిగా కట్టేస్తారు, పైభాగం నీళ్లమీదే ఉంటుంది. మనం అందులో నిలబడి, తల బయట పెట్టుకుని ఊపిరి తీసుకుంటూ ఉంటాం. షార్క్ వస్తుంటే పైనుంచి 'డౌన్, డౌన్' అని అరుస్తారు. ఊపిరి బిగబట్టి ఒక్క మునక, మళ్లీ పైకి. సిలిండరూ లేదు, సర్టిఫికెటూ లేదు. నడుముకు సీసం బరువుల బెల్టు కడతారు, లేకపోతే ఒంటికి వేసే రబ్బరు సూట్ మనల్ని తేల్చేస్తుంది. లోపల పట్టుకోవడానికి ఒక కడ్డీ ఉంటుంది. చేతులు దాని మీదే ఉండాలి, బయటి కడ్డీల మీద కాదు.

భయపడాల్సింది చలికి. నీళ్లు పదమూడు డిగ్రీలు. మెడ దగ్గర సందులోంచి మొదటి లోటా నీళ్లు వెన్ను మీదుగా దిగినప్పుడు నేను అరిచిన అరుపు షార్క్‌ను చూసి అరవలేదు.

అత్తాపూర్_అనిల్
మృగశిర నాడు నాంపల్లిలో బతికున్న కొర్రమీను పిల్లను మింగినవాళ్లం, మనకు షార్క్ ఒక లెక్కా.

నిజాంపేట_నాని
పైన సూట్‌కేసులు గారిది పాత కాలం. నేను 2023 జూన్‌లో వెళ్లాను. గ్రేట్ వైట్ ఒక్కటి కూడా లేదు. కనిపించినవి బ్రాంజ్ వేలర్లు, అంటే రాగి రంగు షార్క్‌లు, నాలుగైదు. బాగానే ఉన్నాయి, కానీ బిర్యానీ అని పిలిచి పులిహోర పెట్టినట్టు అనిపించింది. పడవవాళ్లు మాత్రం నిజాయితీగా ముందే చెప్పారు, ఈ మధ్య వైట్‌లు రావడం లేదని. చెప్పనిది ఇక్కడి మన ఏజెంట్లే.

మియాపూర్_మహేశ్
మరి అవన్నీ ఎక్కడికి పోయాయి? ఎవరైనా పట్టేశారా?

జీవశాస్త్రం_మేడమ్
డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను, ఈ ప్రశ్న మీద కొంచెం పెద్దగానే రాస్తాను.

2017లో గాన్స్‌బాయ్ తీరానికి గ్రేట్ వైట్‌ల కళేబరాలు వరసగా కొట్టుకొచ్చాయి, ఫిబ్రవరి నుంచి జూన్ మధ్య అయిదు. వాటిలో ఎక్కువ వాటికి కాలేయం లేదు. కత్తితో కోసినట్టు రొమ్ము రెక్కల మధ్య చీల్చి కాలేయం మాత్రం తీసుకుని, మిగతా దేహాన్ని అలాగే వదిలేశాయి. ఈ పని చేసింది ఓర్కాలు, అంటే కిల్లర్ వేల్స్. ముఖ్యంగా రెండు మగ ఓర్కాలు. ఒకదాని వీపు రెక్క ఎడమకు, ఇంకోదానిది కుడికి వాలిపోయి ఉంటుంది కాబట్టి వాటికి పోర్ట్, స్టార్‌బోర్డ్ అని పేర్లు పెట్టారు. ఓడవాళ్ల భాషలో ఎడమ, కుడి.

కాలేయమే ఎందుకంటే, షార్క్‌కి మిగతా చాలా చేపల్లాగా గాలి తిత్తి ఉండదు. తేలడానికి సాయపడేది ఆ నూనె నిండిన కాలేయమే. పెద్ద షార్క్‌లో అది ఒంటి బరువులో నాలుగో వంతు దాకా ఉండొచ్చు. శక్తి అంతా ఒక్కచోట దొరుకుతుంటే ఓర్కా తోలూ మృదులాస్థీ ఎందుకు నములుతుంది. 2023లో మోసెల్ బే దగ్గర స్టార్‌బోర్డ్ ఒక్కటే, ఒక చిన్న వయసు గ్రేట్ వైట్‌ను రెండు నిమిషాల్లోపు చంపేయడం పడవ మీది వాళ్లు కళ్లారా చూశారు.

మిగిలిన షార్క్‌లు ఓర్కాల జాడ తగలగానే ఆ చోటు వదిలేసి పోతాయి. గంటలో రెండు గంటల్లో తిరిగొచ్చే రకం కాదు, వారాలు, నెలలు రావు. ఆస్ట్రేలియా నెప్ట్యూన్ దీవుల దగ్గర కూడా 2015లో ఓర్కాలు వచ్చి వెళ్లాక రెండు నెలల పాటు షార్క్‌లు కనబడలేదు.

నిమ్మకాయ_సోడా
అంటే ఓర్కాలు కలేజీ ఫ్రై మాత్రం తిని ప్లేటు వదిలేసి వెళ్లిపోయే బ్యాచ్ అన్నమాట. మా ఆఫీసు బఫేలో ఇద్దరున్నారు, ఎడమ ఒకడు, కుడి ఒకడు.

ఉప్పాడ_పిల్లోడు
మేడమ్, అంతా ఓర్కాల మీద తోసేయడం నాకు నచ్చలేదు. మాది ఉప్పాడ, మా పెదనాన్నకు బోటు ఉంది. చిన్నప్పుడు ఇంత పొడుగు సొరలు (షార్క్‌లనే మేం సొర అంటాం) ఒడ్డుకొచ్చేవి అని ఆయన చేతులు చాపి చూపిస్తాడు, ఇప్పుడు మూర దాటిన సొర పడితే ఫోటో తీసుకుంటున్నారు. మా దగ్గర ఓర్కాలు లేవు కదా. వలే పట్టింది. అక్కడ మాత్రం వేరేగా ఉంటుందా?

జీవశాస్త్రం_మేడమ్
మంచి మాట అన్నావు బాబూ. అక్కడ శాస్త్రవేత్తల మధ్యే ఈ గొడవ ఉంది. ఒక వర్గం, షార్క్‌లు తగ్గలేదు, పడమర తీరం వదిలి తూర్పు వైపు జరిగాయి అంటుంది. ఇంకో వర్గం దాన్ని ఒప్పుకోదు. డర్బన్ తీరంలో స్నానాలు చేసేవాళ్ల రక్షణకని 1952 నుంచి కట్టిన వలల్లో వైట్‌లు ఏటా చస్తున్నాయి, అడుగున వేసే పొడవాటి గాలం తాళ్లు వాటి తిండిని, అంటే చిన్న సొరలను, ఖాళీ చేస్తున్నాయి, ఓర్కాలు రాకముందే తగ్గుదల మొదలైంది అంటారు వీళ్లు. నాకు రెండో వాదనలో బరువు ఎక్కువగా అనిపిస్తుంది. గ్రేట్ వైట్ మగది పెద్దదవడానికే పాతికేళ్లు దాటుతాయి, ఆడదానికి ముప్పై పైన. అంత నెమ్మదిగా పెరిగే జంతువులో ఏటా కొన్ని పోయినా పూడేది కాదు. దక్షిణాఫ్రికా 1991లోనే చట్టం చేసి దాన్ని కాపాడింది, ప్రపంచంలో మొదటి దేశం అదే. అయినా పరిస్థితి ఇది.

మియాపూర్_మహేశ్
సబ్జెక్టు బాగుంది కానీ నా నలభై వేలు?

స్వాతి_సైనిక్‌పురి
బ్రోచర్ ఫోటో దాచుకోండి. 'గ్యారంటీ' అన్న మాట వాట్సాప్‌లో రాతపూర్వకంగా తెప్పించండి, ఫోన్‌లో అన్నది నిలవదు. తర్వాత డబ్బు వాపసు కోరుతూ ఈమెయిల్, దానికి జవాబు లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నేను ఒక హోటల్ బుకింగ్ విషయంలో అలాగే చేశాను, మూడు వారాలు పట్టింది కానీ వచ్చాయి. టీసీఎస్, అంటే విదేశీ ప్యాకేజీ మీద ముందే వసూలు చేసే పన్ను, పట్టుకుంటే సర్టిఫికెట్ అడగండి, రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. చాలామంది అది మర్చిపోయి వదిలేస్తారు.

ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీ కూడా చదవండి. 'సాహస క్రీడలు మినహా' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది చాలా వాటిలో. దానికి విడిగా కట్టాలి.

కేపీహెచ్‌బీ_కృష్ణ
ఆ బావను నేనే. మహేశ్ ఈ థ్రెడ్ లింకు పొరపాటున మా ఫ్యామిలీ గ్రూపులో వేశాడు, రెండు నిమిషాల్లో తీసేశాడు కానీ మా చెల్లెలు అప్పటికే చదివేసింది.

నా మాట ఒక్కటి. గ్యారంటీ లేదని నాకు ముందే తెలుసు. కాన్హాకు రెండుసార్లు వెళ్లాను, పులి కనబడలేదు. అయినా మూడోసారి పోతాను. అడవికి పోయి పులి కనబడలేదని జీపువాడి మీద కేసు వేస్తామా?

స్వాతి_సైనిక్‌పురి
జీపువాడు 'వంద శాతం' అని అచ్చేసి ఇస్తే వేస్తాం అండీ.

నిమ్మకాయ_సోడా
పెంగ్విన్ల ప్లాను సమాప్తం. మహేశ్ ఇవాళ రాత్రి ఎక్కడ పడుకుంటున్నావు?

మియాపూర్_మహేశ్
హాల్లో.

గండిపేట_గజఈత
అందరూ షార్క్ కొరుకుతుందేమో అని మాట్లాడుతున్నారు, అసలు ప్రమాదం వేరే. 2008 ఏప్రిల్‌లో గాన్స్‌బాయ్ దగ్గరే కేజ్ డైవింగ్ పడవను పెద్ద అల కొట్టి తిరగేసింది, ముగ్గురు టూరిస్టులు పోయారు. షార్క్ ముట్టుకోలేదు, అలే చంపింది. కాబట్టి వాతావరణం బాగాలేదని ట్రిప్ రద్దు చేస్తే గొడవపడకండి. రద్దు చేసేవాడే మంచివాడు. మీ ప్లానులో గాన్స్‌బాయ్‌కి ఒక్క రోజే పెట్టి ఉంటే మార్చండి, కనీసం ఇంకో రోజు ఖాళీ ఉంచండి. ఆగస్టు అక్కడ చలికాలం, గాలీ అలలూ ఎక్కువ.

అత్తాపూర్_అనిల్
కానీ ఒక వీడియోలో షార్క్ బోనులోకే దూరింది కదా?

గండిపేట_గజఈత
అది 2016, మెక్సికో గ్వాడలూప్ దీవి దగ్గర. ఎర మీదికి దూకిన ఊపులో బోను తలుపు గుండా లోపలికి వచ్చేసింది. దానికి వెనక్కి ఈదడం చేతకాదు, ముందుకే తోసుకుంటుంది. అందుకే అంత గింజుకుంది. లోపలున్న మనిషి దెబ్బ లేకుండా బయటపడ్డాడు. 2019లో అదే దీవి దగ్గర ఇంకో షార్క్ తల బోను కడ్డీల మధ్య ఇరుక్కుని రక్తం కారి చచ్చిపోయింది. 2023 జనవరిలో మెక్సికో ప్రభుత్వం అక్కడ ఈ టూరిజాన్నే పూర్తిగా మూసేసింది.

ఉప్పాడ_పిల్లోడు
మంచి పని చేశారు. చేపల నూనె, రసం నీళ్లలో పోసి పిలవడం, ట్యూనా తలకాయ తాడుకు కట్టి నోటి దాకా తెచ్చి లాగేయడం, ఇదేం సరదా? మా ఊళ్లో సొర పడితే తింటారు. పాల సొర అయితే బాలింతకు పెడతారు, పాలు పడతాయని. ఉడికించి, తోలు గీకి, చిదిమి, వెల్లుల్లి దంచి వేసి పొడి కూర చేస్తుంది మా అమ్మ. చంపడం తప్పంటే తప్పే, కానీ ఆకలికి. ఇది ఆకలితో ఉన్నదాన్ని ఊరించడం.

రెండు_సూట్‌కేసులు
పైన ఉప్పాడ తమ్ముడు రాసినదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఒకటి చెప్తాను. అక్కడికి వచ్చే డబ్బుతోనే ఆ ఊరు నడుస్తోంది. ఆ పడవల మీదే పరిశోధకులూ ఎక్కుతారు. నేను చెప్పిన నోట్‌బుక్ అమ్మాయి అదే పని మీద ఉంది. ఏ షార్క్ ఎప్పుడు మాయమైందో తెలిసింది ఇలాంటి లెక్కల వల్లే.

జీవశాస్త్రం_మేడమ్
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఎర వేసినంత మాత్రాన షార్క్ మనిషిని తిండిగా చూస్తుందని రుజువు కాలేదు. కానీ దాని తిరుగుడు మారుతుంది. నెప్ట్యూన్ దీవుల దగ్గర పడవలు పెరిగాక షార్క్‌లు ముందుకన్నా ఎక్కువ రోజులు అక్కడే ఆగుతున్నాయని గమనించారు. ఆ తర్వాత పడవలు వెళ్లే రోజులకు పరిమితి పెట్టారు.

అడిలైడ్_అల్లుడు
దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చి ఇక్కడ తొమ్మిదేళ్లు. గ్రేట్ వైటే కావాలనుకుంటే పోర్ట్ లింకన్ రండి. అడిలైడ్ నుంచి విమానంలో గంటలోపు, అక్కడి నుంచి నెప్ట్యూన్ దీవులకు పడవలో మూడు గంటలు. ఆ మూడు గంటల్లో కడుపులో ఉన్నదంతా పోతుంది, అది వేరే సంగతి. ఇక్కడ గొట్టంతో గాలి ఇస్తారు కాబట్టి ఊపిరి బిగబట్టే పని లేదు. ఒక పడవవాళ్లు చేప రసం పోయకుండా నీళ్లలోకి రాక్ మ్యూజిక్ వినిపించి పిలుస్తారు, వస్తాయి కూడా. ఉప్పాడ బ్రదర్‌కు ఇది నచ్చొచ్చు.

గ్రేట్ వైట్‌లను చూసే ఈ బోను పుట్టిందే ఇక్కడ. 1963లో రాడ్నీ ఫాక్స్ అనే ఆయన చేపల వేట పోటీలో ఉండగా ఆల్డింగా బీచ్ దగ్గర గ్రేట్ వైట్ నడుము దగ్గర పట్టుకుంది. పక్కటెముకలు విరిగి, ఊపిరితిత్తి బయటికి కనబడే స్థితిలో ఆసుపత్రికి తెచ్చారట, నాలుగు వందలకు పైగా కుట్లు. ఆయన బతికి, తర్వాత జూలో సింహాలను చూస్తుంటే ఆలోచన వచ్చి గ్రేట్ వైట్‌లను చూడటానికి మొదటి బోను తయారుచేశాడు. ఆ తర్వాత నుంచి ఆ షార్క్‌ల తరఫునే మాట్లాడుతూ వచ్చాడు.

కేపీహెచ్‌బీ_కృష్ణ
ఖర్చు?

అడిలైడ్_అల్లుడు
మీ కేప్‌టౌన్ ప్యాకేజీ మొత్తం మర్చిపోయి మళ్లీ మొదలుపెట్టాలి.

మియాపూర్_మహేశ్
అప్‌డేట్. ఏజెంట్ ఇవాళ చెప్పింది: 'షార్క్ కనబడకపోతే ఇంకో ట్రిప్ ఉచితం అని వోచర్ ఇస్తారు సార్, అదే గ్యారంటీ.' అంటే ఆ వోచర్ వాడుకోవడానికి నేను మళ్లీ మియాపూర్ నుంచి దుబాయ్ మీదుగా కేప్‌టౌన్ పోవాలి.

నిమ్మకాయ_సోడా
మెట్రో దాకా ఆటో ఛార్జీ ఇస్తాడేమో అడుగు.

నిజాంపేట_నాని
నా వోచర్ ఇంకా బీరువాలో ఉంది, ఎవరికైనా కావాలంటే చెప్పండి.

గండిపేట_గజఈత
మోసెల్ బేకి మార్చుకోవచ్చు, కేప్‌టౌన్ నుంచి తూర్పుగా దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు. గాన్స్‌బాయ్ కన్నా అవకాశం ఉండొచ్చు. కానీ మేడమ్ రాసినట్టు స్టార్‌బోర్డ్ అక్కడికీ వచ్చింది. గ్యారంటీ అన్న మాట మాత్రం ఎవరి నోటా నమ్మకు.

మోడరేటర్_2
ఏజెంట్ పేరు రాసిన రెండు పోస్టులు తీసేశాం. పేర్లు వద్దు. సొర కూర వండే విధానం అడుగుతున్నవాళ్లు వంటల విభాగంలో కొత్త థ్రెడ్ తెరవండి.

మియాపూర్_మహేశ్
వెళ్లొచ్చాం. వివరంగా రాస్తాను, ఇంతమంది సాయం చేశారు కాబట్టి.

స్వాతి గారు చెప్పినట్టు ఈమెయిల్ పెట్టాక ఏజెంట్ దిగొచ్చాడు. డబ్బు ఇవ్వలేదు కానీ 'గ్యారంటీ' మాట తీసేసి, గాన్స్‌బాయ్‌లో అదనంగా ఒక రాత్రి కలిపాడు. ఆ రాత్రే పనికొచ్చింది. మొదటి రోజు గాలికి ట్రిప్ రద్దు. గజఈత అన్న మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాను, బావ మాత్రం కాసేపు వాదించాడు. అన్నట్టు అక్కడివాళ్లు ఆ ఊరి పేరును 'ఖాన్స్‌బాయ్' అన్నట్టు పలుకుతారు. చార్మినార్ దగ్గర ఏదో ఖాన్ భాయ్ హోటల్‌లా ఉంది అనుకుని నవ్వుకున్నాం.

రెండో రోజు పొద్దున క్లైన్‌బాయ్ రేవు నుంచి పడవ. నా సూట్ వేసుకోవడానికి ఇద్దరు పట్టారు. పడవ ఆగగానే చేప రసం వాసన, ఎండాకాలం మధ్యాహ్నం బేగంబజార్ చేపల మార్కెట్లో కరెంటు పోయినట్టు. బావ అప్పుడే వాంతులు మొదలుపెట్టాడు, రెండుసార్లు. చమ్ (నీళ్లలో పోసే ఆ చేప రసం) కన్నా బావే ఎక్కువ వేశాడని ఆ పడవ కుర్రాడు అన్నాడు.

బోనులోకి దిగేటప్పుడు నా మోకాళ్లు నిజంగా వణికాయి. ఈత రాని మనిషికి కాళ్ల కింద పచ్చగా, అడుగు కనబడకుండా ఉండటం ఎలా ఉంటుందో చెప్పలేను. మొదటి రెండుసార్లు 'డౌన్' అన్నప్పుడు మునగలేకపోయాను. మూడోసారి పక్కనున్న ఒక పెద్దావిడ, డెబ్బై ఉంటాయి, నా భుజం మీద చెయ్యి వేసి నొక్కేసింది. కళ్లు తెరిచేసరికి అద్దం ముందు ఒక పొట్ట వెళ్తోంది. తల ఎప్పుడు పోయిందో తెలియదు, పొట్ట, తర్వాత తోక. ఒంటి రంగు మా అమ్మమ్మ వాళ్లింట్లో పాత రాగి కాగులాగా ఉంది. మొప్పల చీలికలు తెరుచుకుని మూసుకోవడం లెక్కపెట్టొచ్చు అంత దగ్గర. చప్పుడు అస్సలు లేదు. పైకి లేవగానే పడవ మీద అంత గోల, కింద ఏమీ లేదు.

మొత్తం మూడు కనబడ్డాయి, ఒక పెద్ద టేకు చేప కూడా. తిరిగి వచ్చేటప్పుడు గైజర్ రాక్ దగ్గర సీల్‌లు, అరవై వేలు ఉంటాయట. వాటి కంపు ముందు చేప రసం అత్తరు. ఒకప్పుడు అక్కడి సందునే షార్క్ ఆలీ అనేవారు. సీల్‌లు ఇప్పుడు ఏ భయమూ లేకుండా మధ్యలో ఈదుతున్నాయి, పడవ నడిపే ఆయన వాటిని చూపించి, ముందు ఇలా ఉండేవి కావు అన్నాడు.

కేపీహెచ్‌బీ_కృష్ణ
మహేశ్ ఒకటి వదిలేశాడు. మూడోది గ్రేట్ వైట్. నా దగ్గర వీడియో ఉంది. పన్నెండడుగులు.

మియాపూర్_మహేశ్
బావా, నువ్వు అప్పుడు పడవ చివర బకెట్ పట్టుకుని ఉన్నావు.

జీవశాస్త్రం_మేడమ్
వీడియో చూశాను. పొట్ట దగ్గర తెలుపుకూ పైరంగుకూ మధ్య గీత పదునుగా లేదు, తోక రెండు కొమ్ములూ సమానంగా లేవు. బ్రాంజ్ వేలరే. పొడవు కూడా నీళ్లలో మాస్క్ గుండా చూస్తే మూడో వంతు పెద్దగా కనబడుతుంది, కాబట్టి పన్నెండులోంచి మూడు తీసేయండి.

కేపీహెచ్‌బీ_కృష్ణ
మేడమ్, మా అత్తగారి ఊరంతా ఇప్పటికే చూసేశారు ఆ వీడియో.

అత్తాపూర్_అనిల్
ఊళ్లో మేడమ్ లేరు కదా, ఏం పర్లేదు.

ఉప్పాడ_పిల్లోడు
మా పెదనాన్నకు చూపించాను. 'ఇంతోటి సొరకు అంత దూరం ఎందుకు' అన్నాడు. తర్వాత ఫోన్ మళ్లీ తీసుకుని ఇంకో నాలుగుసార్లు చూశాడు.

కొంపల్లి_కావ్య
పాత థ్రెడ్ పైకి లేపుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు మైనస్ అయిదు పవర్. కళ్లద్దాల మీద మాస్క్ పట్టదు కదా, ఏం చేశారు ఎవరైనా?

మియాపూర్_మహేశ్
కాంటాక్ట్ లెన్స్‌లు పెట్టుకుని దిగండి. మా ఫ్రెండ్ ఒకడు అలాగే చేశాడు. రెండు జతలు తీసుకెళ్లండి, అతనిది ఒకటి మాస్క్‌లోకి నీళ్లొచ్చి పోయింది.